పాత కారు కొని, బాగుచేసి, అమ్మడం: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది

బ్యాటరీ చచ్చి మూలన పడ్డ బండి, తలుపు తీయగానే ముక్కు మూసుకోవాల్సిన బండి, ముందు లైట్లు పసుపెక్కి మసకబారిన బండి. అమ్మకానికి వచ్చినవాటిలో నేను ముందు వెతికేది ఇలాంటివే. వీటిని చూసినవాళ్లు వెనక్కి తగ్గుతారు కాబట్టి ధర దిగుతుంది. బాగుచేయడానికి మాత్రం ఒక బ్యాటరీ, రెండు రోజుల శుభ్రం పని, నాలుగు వాటర్ పేపర్లు (నీళ్లతో రుద్దే గరుకు కాగితాలు) చాలు. అదే పైకి తళతళలాడుతూ, మెత్తగా నడుస్తూ, లోలోపల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తాగుతున్న బండి కోసం జనం ఎగబడతారు. డబ్బు పోయేది దాని మీదే. సెకండ్ హ్యాండ్ కార్లను సరదాగా కొని అమ్మేవాళ్లకు మిగిలే కొద్దిపాటి లాభమంతా ఈ రెండు రకాల లోపాలను విడదీసి చూడడంలోనే ఉంది.

అన్ని రకాల కార్లూ చూడాలనుకుంటే ఏదీ సరిగ్గా తెలియదు. రెండు మూడు మోడళ్లు పట్టుకుని వాటి మీదే ఉంటాను. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ కనబడే చిన్న కారు. ఇలాంటివాటికి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, పాతవాటి నుంచి తీసినవీ దొరుకుతాయి, కొనేవాళ్లకీ కొదవ ఉండదు. పొగ ఫిల్టర్ ఉన్న డీజిల్ బండ్లు, సీవీటీ (మెట్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్సులు, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఖరీదైన కార్లు చవగ్గా దొరికినా ముట్టుకోను. వాటిలో ఒక్క భాగం పోతే మూడు చిన్న కార్ల మీద వచ్చిన లాభం దానికే సరిపోతుంది.

లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. అదే మోడల్, అదే ఏడాది, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లకు ఎంత అడుగుతున్నారో కాదు, ఏ ధర దగ్గర ప్రకటన త్వరగా మాయమవుతోందో చూడాలి. ఆ ధరను 100 అనుకుంటే, అందులోంచి పేరు మార్పు, బీమా, బండి తెచ్చుకునే ఖర్చుకు 5 తీస్తాను. కంటికి కనిపించిన రిపేర్లకు 8 నుంచి 10, కనిపించనివాటికి మరో 5. నాకు మిగలాల్సింది 8 నుంచి 10. అంటే 70, 74 మధ్య దొరికితేనే కొంటాను. కనిపించనివాటికి పక్కన పెట్టిన 5ను బేరం వేడిలో కరగనివ్వకూడదు. ప్రతి పాత బండిలోనూ అది ఖర్చవుతుంది.

చూడ్డానికి వెళ్లే ముందు ఫోన్లో అడిగేవి మూడే: కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, బండి మీద అప్పు ఉందా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకుండా ఉంచగలరా. మూడో దానికి సరేనని, వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే తిరిగి వచ్చేయడమే మంచిది. చల్లని ఇంజిన్ చెప్పే నిజాలు వేడెక్కిన ఇంజిన్ చెప్పదు. వెళ్లాక మొదట కాగితాలు, తర్వాతే బండి. ఛాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు, ఒకటి, సున్నాలతో కలిసిపోకుండా. ఇంజిన్ గదిలోనో సీటు కిందో లోహం మీద కొట్టిన నంబరు, తలుపు దగ్గరి స్టిక్కరు, రిజిస్ట్రేషన్ పత్రం మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబరు చుట్టూ రుద్దిన గుర్తులుంటే అక్కడితో సరి. అప్పు ఉంటే, అది తీరినట్టు అప్పు ఇచ్చినవాళ్ల పత్రం చేతికి రాకుండా ఒక్క పైసా ఇవ్వను.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూస్తాను. కూలెంట్ రంగు శుభ్రంగా ఉండాలి. తుప్పు రంగు నీళ్లుంటే ఎన్నాళ్లుగానో పట్టించుకోలేదని. పైన నూనె తేలుతుంటే ఇంకా పెద్ద సంగతి. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ దిమ్మెకూ, దాని పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే పలుచని సీలు) పోయిందని కంగారు పడనక్కర్లేదు. చలిలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ చేరి మూత కింద అలా పేరుకుంటుంది. డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా అదే కనిపిస్తే మాత్రం నీళ్లు ఆయిల్లో కలిసినట్టే. స్టార్ట్ చేసేటప్పుడు వెనక ఒక మనిషి నిలబడాలి. స్టార్టవగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (ఆయిల్ సిలిండర్లోకి దిగకుండా ఆపే రబ్బరు సీళ్లు) గట్టిపడ్డాయి. రేస్ చేసిన ప్రతిసారీ నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ మండుతోంది. పెట్రోల్ బండి నల్లపొగ విడిస్తే ఇంధనం ఎక్కువవుతోందని. ఇది చాలాసార్లు ఒక సెన్సర్‌తోనో ఎయిర్ ఫిల్టర్‌తోనో పోతుంది.

హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం ఉంటే ఊహలు వద్దు, పరీక్ష ఉంది. నీలి రంగు ద్రావణం పోసే గాజు గొట్టం, పైన రబ్బరు బల్బు. ఇంజిన్ చల్లగా ఉండగానే మూత తీసి, కూలెంట్ రెండంగుళాలు తగ్గించాలి. లేకపోతే బల్బు నొక్కినప్పుడు కూలెంట్ గొట్టంలోకి ఎగదన్ని ద్రావణం పాడవుతుంది. మూత తీసి ఉంచే ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద బిగించి ఆనించి, రెండు నిమిషాలు బల్బు నొక్కుతూ వదులుతూ ఉంటాను. సిలిండర్లోని మంట గాలి కూలెంట్లోకి వస్తుంటే అందులోని కార్బన్ డై ఆక్సైడ్‌కు నీలం పసుపుగా మారుతుంది. మారకపోతే కూలెంట్ తగ్గడానికి కారణం పైపులోనో, వాటర్ పంపులోనో, మూతలోనో ఉండే అవకాశమే ఎక్కువ. అవి చవక. ఒకే లక్షణం, రెండు కారణాలు, ఖర్చులో పది రెట్ల తేడా. అమ్మేవాళ్లు హెడ్ పోయిందని భయపడి ధర తగ్గించిన బండి, నిజానికి రేడియేటర్ మూత చెడిన బండి అయినప్పుడు ఈ గొట్టం ఖరీదు ఎన్నో రెట్లు తిరిగొస్తుంది. వేడి ఇంజిన్ మీద మూత తీయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, చేతులు కాల్తాయి.

స్టీరింగ్ కింద ఉండే, బండి కంప్యూటర్‌ను చదివే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తాను. చాలామంది లోపాలు చెప్పే కోడ్‌లు ఉన్నాయా లేదా అని చూసి ఆపేస్తారు. కోడ్ లేకపోవడం గొప్ప కాదు, పది సెకన్లలో చెరిపేయొచ్చు. చూడాల్సింది రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసినా అవన్నీ ‘సిద్ధంగా లేదు’ దగ్గరికి వెళ్లిపోతాయి. మళ్లీ పూర్తవడానికి రకరకాలుగా నడపాలి, అందులోనూ క్యాటలిస్ట్, ఇంధన ఆవిరి మానిటర్లకు రోజులు పడుతుంది. సగం మానిటర్లు సిద్ధంగా లేకపోతే నిన్నో ఇవాళో ఏదో చెరిపారు. బ్యాటరీ మార్చామంటే బ్యాటరీ కొత్తగా ఉండాలి కదా, అదీ చూస్తాను. పీ0300 అంటే మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగ్గా మండకపోవడం), ప్లగ్గులూ కాయిల్సూ మారిస్తే పోయే అవకాశం ఎక్కువ. పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) పని తగ్గిందని. కొత్త కన్వర్టర్ ఖరీదు చిన్న కారు లాభాన్ని తుడిచిపెట్టేస్తుంది. తాళం తిప్పగానే ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దీపాలు మూడూ వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దీపాన్నే ఆపేశారు.

బాడీకి పెయింట్ మందం కొలిచే గేజ్ కావాలి. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250, 300 అంటే మళ్లీ రంగు వేశారు, 600 దాటితే కింద పుట్టీ ఉంది. ఒక తలుపుకు రంగు వేసి ఉండడం నాకు అభ్యంతరం కాదు, గీతలకు వేయించి ఉంటారు. పిల్లర్ల మీద, పైకప్పు మీద అంకె పెరిగితే మాత్రం వద్దు. బానెట్ కీళ్ల బోల్టులు, ఫెండర్ బోల్టుల మీద రంగు చెదిరి ఉంటే ఆ భాగాలు ఊడదీసి పెట్టారు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో ముడతలు, కొత్త వెల్డింగ్, కంపెనీ సీలెంట్ కాని పూత ఉన్నాయేమో చూడాలి. వెనక నుంచి గట్టిగా గుద్దిన బండి దాచుకోలేని చోటు అదే. వరద నీట మునిగిన బండికి సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది. సీటు కింది బోల్టుల తుప్పు, వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి మిగతాది చెప్తాయి. అలాంటిదాన్ని ఎంత చవకైనా కొనను. ఇవాళ నడిచినా వైరింగ్ నెలల తర్వాత ఒక్కొక్కటిగా పోతుంది, అప్పటికది నన్ను నమ్మి కొన్నవాళ్ల దగ్గర ఉంటుంది.

నడిపి చూసేటప్పుడు రేడియో, ఏసీ ఆపేయాలి. మూడో గేర్లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. క్లచ్ ప్లేటు పెద్ద ఖరీదు కాదు, గేర్‌బాక్స్ దించే కూలీయే ఖరీదు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు పోనిస్తే టక్ టక్ మంటే సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు) అరిగింది. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే మోత, ఒక వైపు వంపు తిరిగినప్పుడు మారితే వీల్ బేరింగ్. టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పింది లేదా సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు అరిగాయి. టైరు మీద అండాకారంలో ఉండే నాలుగంకెలు దాని వయసు చెప్తాయి: 2319 అంటే 2019లో 23వ వారం. టైమింగ్ బెల్టు (పిస్టన్ల, వాల్వుల కదలికను కలిపి ఉంచే బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే అది మార్చిన రసీదు అడుగుతాను. రసీదు లేకపోతే మార్చలేదని లెక్కేసి ధరలో తీసేస్తాను. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి, ఇక హెడ్ దించాల్సిందే. తిరిగొచ్చాక ఏసీ వేసి పది నిమిషాలు అలాగే ఉంచితే, ఫ్యాన్ తిరగడం, వేడి ముల్లు కదలకపోవడం తెలిసిపోతాయి.

బేరంలో బండిని తిట్టకూడదు. కనిపించినవి కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎంతవుతుందో చూపించి, నా ధర ఒక్కసారి చెప్తాను. డబ్బు సిద్ధంగా ఉందని, కాగితాల పని ఇవాళే చేద్దామని చెప్పడానికి విలువ ఎక్కువ. అమ్మేవాళ్లకు చాలాసార్లు ధర కన్నా తలనొప్పి వదలడం ముఖ్యం.

ఇంటికి తెచ్చాక ఏది చేయాలి, ఏది వదిలేయాలి అన్నదే రెండో లెక్క. మొత్తం రంగు వేయించడం, అలాయ్ చక్రాలు, పెద్ద స్పీకర్లు ఎప్పుడూ తిరిగి రావు. పైగా కొత్త రంగు చూస్తే కొనేవాళ్లకు అనుమానం వస్తుంది. బ్యాటరీ, వైపర్లు, బ్రేక్ ప్యాడ్లు, రెండో తాళం, ఆయిల్, ఫిల్టర్లు, లైట్లు తిరిగొస్తాయి. బ్యాటరీ మార్చే ముందు కొలవాలి: ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 13.7 నుంచి 14.7 మధ్య ఉండాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే తప్పు ఛార్జింగ్‌ది, కొత్త బ్యాటరీ కూడా చస్తుంది.

పసుపెక్కిన లైట్లకు చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800 నంబరు వాటర్ పేపర్‌తో అడ్డంగా, 1500తో నిలువుగా, మళ్లీ 2000తో అడ్డంగా, 3000తో నిలువుగా రుద్దుతాను. దిశ మారుస్తుంటే ముందు పేపర్ గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. తర్వాత కాంపౌండ్‌తో మెరుగు. అక్కడ ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది, ఎందుకంటే ఎండ నుంచి ప్లాస్టిక్‌ను కాపాడే పైపూతను మనమే గీకేశాం. యూవీ క్లియర్ కోటు తప్పనిసరి.

వాసన పోగొట్టడానికి సెంటు కొట్టడం దండగ, వాసన ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. కార్పెట్ కింద ఫోమ్ తడిగా ఉంటే చేత్తో ముట్టి చూస్తాను. మామూలు నీళ్లయితే ఏసీ నీటి గొట్టం మూసుకుపోయి ఉంటుంది, ఒక సన్నని తీగతో తెరుచుకుంటుంది. జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (కారు లోపల వేడి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. చాలా కార్లలో దానికి డాష్‌బోర్డు మొత్తం దించాలి, అందుకే ఈ చేయి పెట్టడం కొనే ముందే జరగాలి. సీట్లు కడిగితే తలుపులు తీసి, ఫ్యాన్ పెట్టి, ఒక రోజులో పూర్తిగా ఆరేలా చూడాలి. తడి మిగిలితే కొత్త వాసన మొదలవుతుంది.

అమ్మేటప్పుడు ఉన్న గీతలు, సొట్టలు దగ్గర నుంచి తీసిన ఫొటోలు మొదటి వరసలోనే పెడతాను. అది చూసీ వచ్చినవాళ్లు బేరానికి వంకలు వెతకరు. మార్చిన ప్రతి భాగం రసీదు ఒక ఫైల్లో ఉంటుంది. నడిపి చూడ్డానికి ఇచ్చే ముందు లైసెన్స్ చూసి, పక్కన నేనూ కూర్చుంటాను. మూడు వారాల్లో అడిగేవాళ్లు లేకపోతే ధర తప్పు. ఆగినకొద్దీ బీమా, జాగా, ఇరుక్కున్న డబ్బు కలిసి లాభాన్ని తింటాయి. ఏడాదికి ఎన్ని బండ్లు దాటితే డీలర్ లైసెన్స్ కావాలో, ఈ లాభం పన్నులో ఎలా చూపాలో చోటును బట్టి మారుతుంది, మొదటి బండి కొనకముందే కనుక్కోవాలి.

డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలు, అమ్మకం కాగితం మీద తేదీతో పాటు గంట కూడా. ఆ గంట తర్వాత బండి ఎక్కడ ఆగినా, ఎవరిని గుద్దినా బాధ్యత ఎవరిదో ఆ కాగితమే చెప్తుంది. పేరు మార్పు దరఖాస్తు కొన్నవాళ్ల చేతికి ఇచ్చి వదిలేయను, నేనే దగ్గరుండి దాఖలు చేయిస్తాను. నా పేరు తీసేసినట్టు రాతపూర్వకంగా వచ్చాకే నా బీమా ఆపుతాను.