ఏటీ అవ్వలేదు

డల్లాస్‌లో మా ఇంటికీ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అమ్మ ఉండే ఊరికీ మధ్య నడిచే ఫోనులో సగం కబుర్లే నిజం. రెండు వైపులా అంతే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పెకలించుకుపోయాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. చివరికి లైను కలిస్తే అమ్మ అంది, "ఏటీ అవ్వలేదు బాబూ, రెండు చెట్లు పడ్డాయంతే." తోట సంగతి పక్కింటి కుర్రాడు పంపిన వీడియోలో తెలిసింది. మా అమ్మాయి నా పక్కనే కూర్చుని ఆ మాటా వింది, ఆ వీడియో కూడా చూసింది.

తర్వాత నా ఉద్యోగం పోయింది. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఇంకో కంపెనీ చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఇంట్లో అందరికీ నిద్ర లేదు. అమ్మ ఫోను చేస్తే మాత్రం, "ఆఫీసుకి సెలవు పెట్టానమ్మా." అంత దూరాన ఉన్న మనిషిని కంగారు పెట్టి ఏం లాభం?

స్కూల్లో స్నేహితురాళ్లు మా అమ్మాయిని వెలేసిన సంగతి మాకు చాన్నాళ్లకి, అదీ టీచరు ద్వారా తెలిసింది. ఎందుకు చెప్పలేదని మా ఆవిడ ఏడుస్తూ అడిగింది. "మీరు మామ్మకి చెప్పారా?" అంది అమ్మాయి. అందులో ఎదురు మాట్లాడడం లేదు. మనవాళ్లని అలాగే చూసుకోవాలని నిజంగానే అనుకుంది.

ఇక్కడి పిల్లలు ఇంతే, తల్లిదండ్రులకి ఏదీ చెప్పరు అన్నారు తెలిసినవాళ్లు. మనకి నచ్చనిదల్లా అమెరికా ఖాతాలో వేసేయడం సుఖంగానే ఉంటుంది. కానీ ఇది అచ్చంగా మా ఉద్దానం సరుకు. మా అబ్బాయిదైతే ఇంకో లెక్క. వాడి దృష్టిలో మామ్మకి మామీద నమ్మకం లేదు, అందుకే దాస్తుంది. ఈమధ్య ఫోను ఇస్తే ముభావంగా నాలుగు ముక్కలు మాట్లాడి ఇచ్చేస్తున్నాడు.

అమ్మాయి అలా కాదు. మామ్మని విడిగా పిలిచి గుచ్చిగుచ్చి అడుగుతుంది. కిడ్నీ జబ్బు ఇంటింటి కథ అయిన మా ప్రాంతంలో చదువు రానివాళ్లకి కూడా రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట తెలుసు. అమ్మకి అది పెరిగిందట. ఆ సంగతి నాకు కాదు, మనవరాలికి చెప్పింది, నాన్నకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. ఒట్టు రెండు రోజులు కూడా నిలవలేదు.

పలాసలో మళ్లీ పరీక్ష ఎప్పుడని నేనే ఫోను చేసి అడిగాను. అమ్మ ముందు మనవరాల్ని తిట్టింది. తర్వాత తేదీ చెప్పింది.