తిరగబడ్డ క్రియ అట!

పొద్దున్నే చిన్నదాని లంచ్ బాక్స్ ఉంది, అయినా ఇది రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. సాయంత్రం స్పానిష్ క్లాసులో 'గుస్తార్' మొదలుపెట్టారు. నచ్చడం అన్నమాట. టీచరు బోర్డు మీద రాసి, ఇది తిరగబడ్డ క్రియ, ఇందులో అంతా తలకిందులు అన్నారు. పుస్తకంలోనూ అదే మాట. వాక్యంలో కర్త మీరు కాదు, మీకు నచ్చిన వస్తువే కర్త అని చెప్పిందే చెప్పారు. క్లాసంతా తల పట్టుకుంది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఒక పండైతే 'మే గుస్తా ఎల్ మాంగో', ఎక్కువైతే 'మే గుస్తాన్ లోస్ మాంగోస్'. నాకు పండు నచ్చింది, పళ్ళు నచ్చాయి. మాటలొచ్చినప్పట్నుంచీ మనం అనేది ఇదేగా! ఇంగ్లీషులో 'నేను' ముందు నిలబడాలి కాబట్టి, అలా నిలబడని భాషలన్నీ తిరగబడ్డవేనా?

నా పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిందో లేదో నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చేశారు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "ఏమ్మా, నచ్చాడా?" అన్నారు. వెనక నుంచి అమ్మ, "దాన్ని కాస్త ఆలోచించుకోనివ్వండి" అంటోంది. నేను మిగిలిన జంతికలు డబ్బాలో పోస్తూ, "నచ్చాడు" అన్నాను. ఆ వాక్యంలో నేను లేనే లేను, క్రియంతా ఆయనదే. ఇన్నేళ్ళ సంసారం ఆ ఒక్క ముక్క మీదే మొదలైంది.

ఇంతా రాశాక టీచరు తప్పేం లేదనిపిస్తోంది. మిగతా వాళ్ళంతా ఇంగ్లీషులోంచి వచ్చేవాళ్ళు, వాళ్ళకి అలాగే చెప్పాలి. పైగా స్పానిష్ మన చుట్టమని మురిసిపోవడానికీ లేదు. తలనొప్పికి 'మే దువేలే లా కబేసా' అని మన దారిలోనే వస్తారు గానీ, ఆకలేస్తే 'తెంగో ఆంబ్రె', అంటే నా దగ్గర ఆకలి ఉంది. చలీ అంతే, వయసూ అంతే.

మనుషులతో గుస్తార్ జాగ్రత్తగా వాడాలట. 'మే గుస్తాస్' అంటే మనసు పడ్డట్టే. మామూలు అభిమానానికి 'మే కాయెస్ బియెన్' అనాలని పక్కింటి మెక్సికో మామ్మగారు మొన్న పెరట్లో నాగజెముడు ఆకుల ముళ్ళు చాకుతో గీకుతూ చెప్పారు. కాయెర్ అంటే పడటం. వాళ్ళబ్బాయి ఇంటి ఓనరు మాట రాగానే చాకు ఆపి, 'మే కాయె మాల్' అని మూతి విరిచారు. అచ్చం మన 'ఆ ఓనరంటే నాకు పడదు'! మా ఆయనకి చెబితే నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకున్నాడు.