చివరి రోజు శుద్ధప్రతి

మా జిల్లాలోని ఒక చిన్న పురపాలక సంఘంలో నా ఉద్యోగ జీవితం చాలా భాగం కౌన్సిల్ సెక్షన్‌లోనే గడిచింది. అజెండా తయారు చేయడం, సమావేశంలో ఒక మూల కూర్చుని చర్చను రాసుకోవడం, ఆ తరువాత తీర్మానాలను మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించి చైర్మన్ చేత సంతకం చేయించడం నా పనులు. పదవీ విరమణ చేసి నెల్లూరు దర్గామిట్టలో స్థిరపడిన తరువాత, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలు గడిపాను. అక్కడ కాలక్షేపానికి మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా వదలలేకపోయిన పని ఒకటి ఉంది: పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా రాష్ట్రాల శాసనసభలు ఎలా నడిచాయో చదవడం. అందులోనూ నన్ను పట్టి నిలిపేది సమావేశాల చివరి రోజు. సభ నిరవధికంగా వాయిదా పడే ఆ రోజున జరిగే పని మిగిలిన రోజుల పనికి పూర్తిగా వేరు.

ఈ తేడాకు మూలం వారి రాజ్యాంగాలలోనే ఉంది. ఇండియానా 1851లో రాసుకున్న రాజ్యాంగం ప్రకారం ఆ రోజుల్లో శాసనసభ రెండేళ్లకు ఒకసారి సమావేశమయ్యేది. మామూలు సమావేశం 61 రోజులకు, ప్రత్యేక సమావేశం 40 రోజులకు మించకూడదన్న నియమం ఉండేది. శాసనసభ్యులు ఎక్కువ రోజులు కూర్చుంటే ఎక్కువ చట్టాలు చేస్తారని, ఎక్కువ ఖర్చు పెడతారని, ఎవరో ఒకరికి మేలు చేసే చిన్న చిన్న బిల్లులతో పుస్తకాలు నింపుతారని ఆ కాలపు ప్రజలకు భయం ఉండేది. అది ఉత్త భయం కాదు. అంతకుముందు ఎవరి విడాకులకైనా, ఎవరి పేరు మార్పుకైనా, ఏదో ఒక ఊరి బాటకైనా సభ వేరుగా చట్టం చేయవలసి వచ్చేది. అటువంటి ప్రత్యేక చట్టాలను 1851 రాజ్యాంగం నిషేధించింది.

రోజులకు హద్దు పెట్టినంత మాత్రాన పని తగ్గదు, చివరికి జరుగుతుంది. అరవై రోజులు నానిన బిల్లులన్నీ ఆఖరి వారంలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆ రాత్రి దాటితే బిల్లు చచ్చినట్లే, మళ్లీ రెండేళ్ల తరువాత మొదటి నుంచి రావాలి. మన దేశంలో ఈ ఆత్రుత అంతగా కనిపించకపోవడానికి కారణం మన రాజ్యాంగం 196వ అధికరణం. సమావేశాలు ముగిసినంత మాత్రాన రాష్ట్ర శాసనసభలో పెండింగులో ఉన్న బిల్లు మురిగిపోదని అది చెబుతుంది. ఈ ఒక్క వాక్యం లేకపోతే మన సభల చివరి రోజులు కూడా వేరేగా ఉండేవేమో అని నాకు అనిపిస్తుంది.

ఒక బిల్లు చట్టం కావడానికి ఎన్ని కాగితాలు మారాలో తెలిస్తేనే ఆ రోజు బరువు అర్థమవుతుంది. అప్పటి ఇండియానాలో ప్రతి బిల్లును మూడు వేర్వేరు రోజులలో మూడుసార్లు చదవాలి. అత్యవసరమైతే మూడింట రెండు వంతుల మంది పేరుపేరునా ఓటు వేసి ఆ నియమాన్ని సడలించవచ్చు గాని, తుది ఆమోదం సమయంలో సెక్షన్ల వారీగా చదవడాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. ఒక సభలో గట్టెక్కిన బిల్లు రెండో సభకు వెళుతుంది, అక్కడ సవరిస్తే తిరిగి వస్తుంది. రెండూ ఏకాభిప్రాయానికి వచ్చాక గుమస్తాలు దాని శుద్ధప్రతిని చేత్తో రాస్తారు. ఒక సంఘం ఆ ప్రతిని మూలంతో సరిచూస్తుంది. స్పీకరు, సెనేట్ అధ్యక్షుడు సంతకాలు చేశాకే అది గవర్నర్ బల్ల మీదకు చేరుతుంది. టైపు యంత్రాలు కార్యాలయాలలోకి రాకముందు ఇదంతా సిరా, కలం, దీపం వెలుగుల మీద నడిచిన పని. నలభై యాభై బిల్లులు ఒకే రోజు శుద్ధప్రతి దశకు వస్తే ఆ గుమస్తాల వేళ్లు ఏమై ఉంటాయో నేను ఊహించగలను.

అందుకే చివరి రోజు పేజీలలో ఉపన్యాసాలు తక్కువ, సందేశాలు ఎక్కువ. ఫలానా బిల్లుకు సెనేట్ సమ్మతించిందని ఒక దూత వస్తాడు, ఫలానా సవరణకు సమ్మతించలేదని మరొక దూత వస్తాడు. మధ్యలో సభకు కట్టెలు సరఫరా చేసినవారి బాకీ, తలుపుల దగ్గర నిలబడినవారి జీతం వంటి చిల్లర లెక్కలు, స్పీకరు నిష్పాక్షికంగా సభ నడిపినందుకు కృతజ్ఞతా తీర్మానం వచ్చిపోతాయి. ఆ పైన ఇద్దరు ముగ్గురు సభ్యుల సంఘం గవర్నర్ దగ్గరకు వెళ్లి, సభ పని ముగిసింది, తమరు ఇంకా చెప్పవలసినది ఏమైనా ఉన్నదా అని అడిగి వస్తుంది. చాలా రాష్ట్రాలలో గడువు దాటకుండా ఉండేందుకు గోడ గడియారాన్ని ఆపేవారు. బయట తెల్లవారుతున్నా పుస్తకంలో మాత్రం నిన్నటి తేదీయే ఉండేది. దీనిని మోసం అనలేను గాని, రాతకు ఉన్న శక్తిని మనుషులు అంత బహిరంగంగా వాడుకోవడం చూస్తే నాకు కొంచెం భయం వేస్తుంది.

గవర్నర్ కూడా ఈ హడావిడిలో చిక్కుకునేవాడు. ఇండియానా రాజ్యాంగం దీనిని ముందే ఊహించి, తుది వాయిదాకు ముందు రెండు రోజులలో గవర్నర్‌కు ఏ బిల్లునూ పంపకూడదని నిషేధించింది. న్యూయార్క్ వేరే దారి వెతుక్కుంది. 1874 సవరణతో సభ వాయిదా పడిన తరువాత 30 రోజుల పాటు గవర్నర్ బిల్లులు చదువుకుని సంతకం చేయవచ్చు, సంతకం చేయనివి చట్టాలు కావు. నన్ను అడిగితే ఇండియానా పద్ధతే మేలంటాను. సభ తన తొందరను తానే అదుపు చేసుకోవాలి గాని, ఆ భారాన్ని ఒక్క మనిషి మీద పడేయకూడదు.

చివరి రోజు కథలలో అందరికీ తెలిసినది అబ్రహాం లింకన్‌ది. దానిని చాలామంది నవ్వు కోసం చెబుతారు, నేను మాత్రం ఒక గుమస్తా కళ్లతో చదివాను. 1840 డిసెంబరు 5, శనివారం. ఇల్లినాయిస్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనభవనం ఇంకా పూర్తికాక దిగువ సభ ఒక చర్చిలో కూర్చుంది. సోమవారం మామూలు సమావేశం మొదలుకావాలి, అంతకుముందు పిలిచిన ప్రత్యేక సమావేశానికి అదే ఆఖరి రోజు. రాష్ట్ర బ్యాంకు తన నోట్లకు బదులుగా వెండి, బంగారు నాణేలు ఇవ్వడం ఆపేసింది, ఆ వెసులుబాటు సమావేశం ముగిసేవరకే ఉంది. సభ ఆ రోజు నిరవధికంగా వాయిదా పడితే బ్యాంకు వెంటనే నాణేలు లెక్కపెట్టాలి. వాయిదా పడకుండా సోమవారంలోకి నడిచిపోతే బ్యాంకుకు మరికొన్ని నెలలు దొరుకుతాయి. బ్యాంకును కాపాడాలనుకున్న విగ్ పార్టీవారు సభకు రాకుండా ఉండిపోయారు. 1818 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం కోరం, అంటే సభ నడవడానికి ఉండవలసిన కనీస హాజరు, మూడింట రెండు వంతులు కాబట్టి వారు లేకపోతే వాయిదా తీర్మానం కుదరదు. జరిగేది గమనించడానికి, ఓటు పేరుపేరునా నమోదు కావాలని పట్టుబట్టడానికి అదే పార్టీ సభ్యుడైన లింకన్, మరి ఒకరిద్దరు మాత్రం లోపల ఉన్నారు. సభాధికారులు వెళ్లి కొందరు సభ్యులను వెతికి తెచ్చారు. కోరం కుదిరిందని గ్రహించగానే లింకన్ కిటికీలోంచి బయటకు దూకేశాడు. అప్పటికే పేర్లు రాసేశారు. వాయిదా తీర్మానం నెగ్గింది.

ప్రత్యర్థి పత్రికలు ఆయన పొడుగు కాళ్ల మీద చమత్కారాలు రాశాయి. నాకు మాత్రం ఆ కిటికీ కంటే, లోపల బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకున్న మనిషి ఎక్కువగా కనిపిస్తాడు. లింకన్ అంతటివాడు దూకినా ఆ కాగితం మీద పడిన పేరు చెరగలేదు.

అదే శతాబ్దంలో మనకు ఇటువంటి చివరి రోజు అసలు లేదు. 1861 కౌన్సిళ్ల చట్టం కింద మద్రాసులో శాసనాలు చేసిన సభలో గవర్నర్ నియమించినవారే సభ్యులు. ఆయన పిలిచినప్పుడు కూర్చుంటారు, చట్టానికి ఆయన సమ్మతి మీద గవర్నర్ జనరల్ సమ్మతి కూడా కావాలి. నెల్లూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది ఆ సభ చేసిన 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం వల్లనే గాని, ఆ చట్టం మీద నెల్లూరువాడు ఒక్కడూ ఓటు వేయలేదు. గడువు ముంచుకొస్తున్నదని తొందరపడటానికి కూడా ప్రజలు ఎన్నుకున్న సభ అంటూ ఒకటి ఉండాలి. ఆ తొందరను నేను తక్కువ చేసి చూడలేకపోవడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం నా సొంతది. పురపాలక సమావేశాలలో టేబుల్ అజెండా అని ఒకటి ఉంటుంది. ముందుగా సభ్యులకు పంపిన అజెండాలో లేని అంశాలను సమావేశం రోజునే బల్ల మీద పెట్టి ఆమోదించుకోవడం అది. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి సమావేశంలో అవి గుట్టలుగా వస్తాయి. ఒక ఏడాది అటువంటి సమావేశంలో నాలుగు వీధులకు తాగునీటి పైపులు పొడిగించాలని తీర్మానించారు. ఆ రాత్రి శుద్ధప్రతి రాస్తూ నేను మూడు వీధుల పేర్లే రాశాను. అందరూ సంతకాలు చేశారు. పని మొదలైన తరువాత నాలుగో వీధివారు వచ్చి అడిగితే, తీర్మానంలో ఆ వీధి పేరు లేదన్నారు. సమావేశంలో చేతులెత్తిన సభ్యులందరికీ ఆ వీధి సంగతి గుర్తుంది. అయినా సవరణ తీర్మానం అయ్యేదాకా, ఆ నడివేసవిలో, ఆ వీధి ఆడవాళ్లు బిందెలతో పక్క వీధికి నడిచారు.

అమెరికా సుప్రీంకోర్టు 1892లో ఫీల్డ్ వర్సెస్ క్లార్క్ అనే కేసులో తీర్పు చెప్పింది. కేంద్ర చట్టసభ 1890లో చేసిన సుంకాల చట్టంలో, రెండు సభలూ ఆమోదించిన ఒక సెక్షన్ శుద్ధప్రతిలో లేకుండా పోయిందన్నది అందులో ఒక వాదన. రెండు సభల అధ్యక్షులు సంతకం చేసి, రాష్ట్రపతి ఆమోదించిన ప్రతియే చట్టమని, సభా కార్యక్రమాల పుస్తకాలను తెచ్చి దానిని కాదనడానికి వీలులేదని కోర్టు అన్నది. న్యూజెర్సీ రాష్ట్ర న్యాయస్థానం 1866లోనే ఇదే దారిలో నడిచింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు నాలుగో వీధి గుర్తుకు వచ్చింది. సభలో ఎంతమంది ఏమి విన్నారన్నది కాదు, శుద్ధప్రతి రాసిన చేయి ఏమి రాసిందన్నదే నిలుస్తుంది. అటువంటప్పుడు అర్ధరాత్రి దాటాక, నిద్రమత్తులో, గడియారం ఆపిన గదిలో రాసే ఆ చేతికి ఎంత బాధ్యత ఉందో ఆ తీర్పు రాసినవారికి తెలుసునా అని చాలాసేపు ఆలోచించాను.

ఆ తప్పు తరువాత నా సర్వీసు మిగిలినన్నాళ్లు మార్చి సమావేశం ముగిసిన రాత్రి నేను ఒంటరిగా శుద్ధప్రతి సరిచూడలేదు. మా అటెండరు ఎస్సెల్సీ చదివినవాడు. అతడిని ఎదురుగా కూర్చోబెట్టి, చిత్తుప్రతి అతడు పైకి చదువుతుంటే నేను పుస్తకంలో ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చూసుకునేవాడిని. ఇండియానా సభలలో శుద్ధప్రతులను సరిచూసే సంఘం చేసిన పనీ అదే. వీధుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం అతడిని రెండుసార్లు చదవమనేవాడిని.