ఏ హల్లు?

మారతహళ్ళిలో ఆంధ్రా భోజనం బోర్డు లేని వీధి దొరకడం కష్టం. తెలుగు మాట్లాడినందుకు జీతమిచ్చే ఉద్యోగం కూడా ఉంటుందని మాత్రం అనంతపురం నుంచి బెంగళూరు వచ్చాకే తెలిసింది. కాల్ సెంటరులో తెలుగు విభాగం నాది. రోజుకు 70, 80 సార్లు “నమస్కారం సార్, మీ సమస్య వివరిస్తే సరిచేస్తాను” అంటాను. అన్నీ ‘స’లే.

ఒకరోజు కాల్స్ నాణ్యత చూసే రాజమండ్రి ఆయన పిలిచి నా రికార్డింగు వినిపించాడు. “పక్కన కుక్కర్ పెట్టుకుని మాట్లాడుతున్నావా అమ్మా?” అన్నాడు. నిజంగానే ప్రతి ‘స’ దగ్గరా సన్నని ఈల. ఎదుటి మనిషికి ఏనాడూ వినిపించనిది, నోటికి అంగుళం దూరంలో ఉన్న మైకుకు దొరికిపోయింది.

నా పై ముందుపళ్ళ మధ్య సందు ఉంది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పుడు, కోరపళ్ళు దిగితే అదే మూసుకుపోతుందిలే అన్నారు. చాలామంది పిల్లలకు 11, 12 ఏళ్ళకు అలాగే మూసుకుంటుంది. నాకు మూసుకోలేదు. సందుపళ్ళ పిల్ల అదృష్టవంతురాలని మా అవ్వ తేల్చేయడంతో ఇంట్లో ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు.

దంతవైద్యశాలలో చీటీ రాసే అమ్మాయి “యావ హల్లు?” అని అడిగింది. “స” అన్నాను. ఆమె పెన్ను ఆగిపోయింది. మన పులి కన్నడంలో హులి, పాలు హాలు అవుతాయని తెలిసి కూడా, పన్ను హల్లవుతుందని ఆ క్షణాన తట్టలేదు.

డాక్టరుగారిది కోలారు వైపు. తెలుగు చక్కగా మాట్లాడతారు. ముందు సందు సంగతి వదిలేసి చిగుళ్ళు చూశారు. పెద్దయ్యాక కొత్తగా సందు వచ్చినా, ఉన్నది పెరుగుతున్నా, లోపల ఎముక తరుగుతోందేమో చూడాలట. అది చూడకుండా పూడిస్తే పునాది కుంగుతున్న గోడకు సున్నం కొట్టినట్టేనన్నారు. పై పెదవిని పట్టి లాగి, పళ్ళ నడుమ చిగురు తెల్లబడుతుందా అని చూశారు. పెదవిని చిగురుకు కట్టి ఉంచే కండ మరీ కిందికి దిగితే అలా తెల్లబడుతుంది, దాన్ని కోయాల్సి రావచ్చు. గుటక వేయించి, నాలుక పళ్ళను ముందుకు తోస్తోందేమో గమనించారు. నాకు ఆ తంటాలేవీ లేవు. సందు 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

క్లిప్పులు వేస్తే పళ్ళే దగ్గరకు జరుగుతాయి. కొత్తగా ఏమీ అతికించనక్కర్లేదు. కానీ నెలలు పడుతుంది, తర్వాత మళ్ళీ విడిపోకుండా రిటైనరు వాడాలి. బయటికి కనిపించని ప్లాస్టిక్ తొడుగులు, అంటే అలైనర్లయితే రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లోనే ఉండాలి, మొదట్లో మాట తడబడుతుంది. మాటే కూడు పెట్టే నాకు అది కుదరదు. పంటి ముందువైపు అతికించే పలుచని పింగాణీ రేకులు, అంటే వెనీర్లు, అందంగా ఉంటాయి, ఏళ్ళ తరబడి రంగు మారవు. అయితే సాధారణంగా పంటి పైపొరను అర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. ఆ పొర మళ్ళీ పెరగదు. రోగం లేని పళ్ళను 26 ఏళ్ళకే చెక్కించుకోవడం నాకు నచ్చలేదు. చివరికి పంటి రంగు ముద్దతో సందు పూడ్చే కాంపోజిట్ బాండింగు చేయించుకున్నాను, పన్నుకు 4 వేలు.

పళ్ళు ఆరితే తెల్లగా కనిపిస్తాయి కాబట్టి, తడిగా ఉండగానే రంగు సరిచూశారు. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న నీలం జెల్లు పూసి కాసేపు ఉంచి కడిగారు. అద్దంలో చూస్తే పంటి అంచు నునుపు పోయి సుద్దముక్కలా ఉంది. ఈ కిటుకు 1955లో అమెరికాలో బ్యూనొకోర్ అనే దంతవైద్యుడిదట. లోహానికి రంగు గట్టిగా పట్టాలని కార్ఖానాల్లో వాడే ఆమ్లాన్ని చూసి పళ్ళ మీద ప్రయోగించాడట. లారీలకు రంగులేసే మా నాన్నకు ఫోనులో చెబితే, “గరుకు చేయనిదే ఏదీ పట్టదు కదమ్మా, ఇందులో వింతేముంది” అన్నాడు. తర్వాత జిగురు, మైనంలాంటి ముద్ద, దాన్ని గట్టిపరిచే నీలి దీపం. సందును ఒక్క పంటికే అంటగట్టకుండా చెరిసగం పంచారు, లేకుంటే ఒక పన్ను పలకలా కనిపిస్తుంది. గంటన్నరలో అయిపోయింది.

ఈల పోతుందని డాక్టరుగారు మాట ఇవ్వలేదు. నాలుక కొత్త చోటు నేర్చుకోవాలన్నారు. తలుపు ఉండాల్సిన చోట గోడ తగిలినట్టు, నాలుక వారం రోజులు అక్కడే తచ్చాడింది. ఆ వారం నా ‘స’ సగం ‘శ’లా పలికిందని రాజమండ్రి ఆయన మార్కులు కోశాడు. మరుసటి నెల ఏమీ అనలేదు, అంటే బాగుందనే.

ఈ ముద్ద చాలామందికి 5 నుంచి 7 ఏళ్ళు ఉంటుందట. కాఫీకి రంగు మారుతుంది, గట్టివి కొరికితే పెచ్చు లేస్తుంది. మొన్న ఊరెళ్ళినప్పుడు జామకాయ కొరకబోయి ఆగి, కత్తి అడిగాను. అవ్వ నా నోటివైపు ఒకసారి చూసి, తన వాటా కాయ కూడా నా ముందుకు జరిపింది. “సన్నగా కొయ్యి, నాకూ నీకూ కలిపి.”