ఫ్రీజర్లో వెల్వియా 100: నాలుగు రీళ్లు కడిగాక

శనివారం రాత్రి నాలుగో రీలు కడిగి బాత్రూంలో షవర్ కర్టెన్ రాడ్డుకి ఆరేశాను. ఫ్రీజర్లో ఇంకా ఏడున్నాయి. ఫ్యూజీ వెల్వియా 100 స్లైడ్ ఫిల్ము, 35 ఎం.ఎం., ముప్పై ఆరు ఫ్రేములవి. డబ్బా మీద గడువు 2022లోనే అయిపోయింది. ఇక్కడ డాలస్‌లో ఇవి అయిపోతే కొత్తవి కొనడానికి లేదు. అందుకని ఏ రీలు ఎలా వాడానో, ఎక్కడ చెడగొట్టానో రాసి పెట్టుకుంటున్నా. ఇంట్లో స్లైడ్ ఫిల్ము కడుగుదామనుకునేవాళ్లు ఉంటే, నేను చేసిన తప్పులన్నీ మళ్లీ చేయక్కర్లేదు.

స్లైడ్ అంటే మా తెనాలి వాళ్లకి ముందు సినిమా హాలే గుర్తొస్తుంది. 'పొగ త్రాగరాదు' తర్వాత బట్టల కొట్టు, ఆ తర్వాత నగల కొట్టు. అది గాజు పలక, ఇది ఫిల్ము. వెలుగు దాంట్లోంచి దూరి తెర మీద పడాలన్నది మాత్రం రెంటికీ ఒకటే. మామూలు కలర్ రీలు కడిగిస్తే నారింజ రంగు నెగటివ్ వస్తుంది, స్టూడియోవాడు ప్రింటు వేసేటప్పుడు మన తప్పుల్ని కొంత సర్దేస్తాడు. స్లైడ్ ఫిల్ముకి ఆ మధ్యవర్తి లేడు. కడగ్గానే వచ్చేది అసలు బొమ్మే. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు ఎక్కువైతే, అంటే వెలుగు రెట్టింపైతే, ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది, ఇక అంతే.

2021 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. ఐదు రసాయనాల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిలో ఒకటి పి.ఐ.పి. 3:1. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికీ, మంట తొందరగా అంటుకోకుండా ఉండడానికీ వాడతారు. అది వెల్వియా 100 పొరల్లోనూ ఉంది. ఎంతంటే, ఫ్యూజీ చెప్పిన లెక్క ప్రకారం 0.0003 శాతం కంటే తక్కువ. అంత పిసరు కోసం ఆ జులైలో అమెరికాలో ఈ ఫిల్ము అమ్మకం ఆపేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. బదులుగా తమవే వేరే స్లైడ్ ఫిల్ములు వెల్వియా 50, ప్రోవియా 100ఎఫ్ వాడుకోమంది. మా నలుగురు ఫొటో మిత్రులం ఆ వారమంతా ఫోన్ల మీదే ఉన్నాం. ఒకడు వార్త చదివిన గంటలో కార్డు గీకి ఇరవై రీళ్లు తెప్పించుకున్నాడు. నేను రెండు రోజులు తటపటాయించి, రేటు చూసి గుండె రాయి చేసుకుని పదకొండు కొన్నాను.

"తొందరపడకండ్రా, మళ్లీ వస్తుంది" అన్నాడు ఇంకొకడు. వాడి మాట కొట్టిపారేయడానికీ లేదు. 1990లో వచ్చిన మొదటి వెల్వియా ముడిసరుకు దొరక్క ఆగిపోయి, 2007లో వెల్వియా 50గా తిరిగొచ్చింది. కొడాక్ 2012లో ఎక్టాక్రోమ్ అనే తన స్లైడ్ ఫిల్ము ఆపేసి 2018లో మళ్లీ తెచ్చింది. తిరిగి రానిది కొడాక్రోమ్. 1935 నాటి ఆ ఫిల్ములో రంగు పుట్టించే మందులు ఉండవు, కడిగేటప్పుడు ఒక్కో పొరకీ రంగు ఎక్కించాలి. కె-14 అనే ఆ పద్ధతికి పెద్ద యంత్రాలు కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు. 2009లో తయారీ ఆగింది. చివరివరకూ కడిగిన ల్యాబు కాన్సస్‌లోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో ఉండేది. 2010 డిసెంబరు 30తో అదీ రీళ్లు తీసుకోవడం మానేసింది. ఆఖరి రోజుల్లో ఒకాయన ఏకంగా 1,580 రీళ్లు కడిగించుకుని కార్లో వేసుకెళ్లాడట. అప్పుడు నేను విచిటాలో ఎం.ఎస్. చదువుతున్నా. పార్సన్స్ అక్కడికి రెండున్నర గంటల దూరం. ఆ చలికాలమంతా నేను గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీలు చేశాను, కొడాక్రోమ్ అనే పేరు కూడా వినలేదు.

అసలు వెల్వియా 50 ఉండగా 100 కోసం ఇంత గోలేమిటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాకు కావాల్సింది సంధ్యవేళ కాబట్టి, అని చెప్పాను. టెక్సస్, లూసియానా సరిహద్దులో క్యాడో లేక్ ఉంది. నీళ్లలోంచి లేచిన సైప్రస్ చెట్లు, కొమ్మల నిండా జడల్లా వేలాడే నాచులాంటి మొక్క. ఒడ్డున ఉన్న ఊరి పేరు అన్‌సర్టెన్, నిజంగానే. నవంబరులో ఆ ఆకులు ఇటుక రంగుకి తిరుగుతాయి. పొద్దుగూకాక లెన్సు ద్వారం బాగా చిన్నది చేసి ఎఫ్/16 దగ్గర పెడితే లైట్ మీటరు 30 సెకన్లు చూపిస్తుంది. ఫిల్ముకి ఎక్కువ సేపు వెలుగు చూపిస్తే స్పందన మందగిస్తుంది, టైము పెంచి, రంగు ఫిల్టరు వేసి సరిచేయాలి. వెల్వియా 100కి ఒక నిమిషం దాకా ఆ గొడవ లేదు. అదే వెల్వియా 50 అయితే దానికి రెట్టింపు వెలుగు కావాలి కాబట్టి ముందు 30 కాస్తా 60 అవుతుంది. దాని డేటాషీట్ 4 సెకన్ల నుంచే దిద్దుబాట్లు చెప్పి, 64 సెకన్ల దగ్గర అసలు వద్దంటుంది. ప్రోవియా 128 సెకన్ల దాకా నిశ్చింత, కానీ అదే చెట్టుని పక్కపక్కన రెంటి మీదా తీశాను. ప్రోవియాలో ఆకు ఆకులాగే ఉంది. వెల్వియాలో ఆ ఎరుపు కొలిమిలోంచి తీసినట్టుంది. అబద్ధమే, నాకు ఇష్టమైన అబద్ధం.

ఇక రీళ్ల సంగతి.

మొదటిది మా వీధిలోనే తీశాను, ఫ్రీజర్లో ఉన్న సరుకు బాగుందో లేదో చూడ్డానికి. సింకులో వేడినీళ్లు పోసి సీసాలు నిలబెట్టి, థర్మామీటరు 38 డిగ్రీలు చూపించగానే మొదలెట్టాను. ఫస్ట్ డెవలపర్ అనే మొదటి మందు పారబోసేటప్పుడు చూస్తే 35న్నర. రీలంతా చీకటి. నెగటివ్‌లో డెవలపింగ్ తక్కువైతే బొమ్మ పలచబడుతుంది, ఇక్కడ తిరగబడి ముదురుతుంది. అసలు బలాబలాలన్నీ ఆ మొదటి మందులోనే తేలిపోతాయి. ల్యాబులు దాన్ని డిగ్రీలో మూడో వంతు కూడా అటూఇటూ కానివ్వవు.

రెండోదానికి గుడ్లు ఉడకబెట్టడానికని కొన్న, నీళ్లని ఒకే వేడిలో ఉంచే సూవీడ్ కడ్డీ తెచ్చి ప్లాస్టిక్ టబ్బులో దింపాను. నీళ్లు 39 దగ్గర పెడితే సీసాలో మందు 38 దగ్గర నిలుస్తోంది. వంటింటికి ఆ కడ్డీ మళ్లీ వెళ్లకూడదని ఇంట్లో తీర్మానం అయింది. ఈ రీల్లో మా అమ్మ ఫొటోలున్నాయి. చెప్తే వినలేదు, వెల్వియాతో మనుషుల్ని తీయకూడదు. అమ్మ మొహం పసుపూ కుంకుమా కలిపి రాసినట్టు వచ్చింది.

మూడోది క్యాడో లేక్. ఇంతదూరం వెళ్లొచ్చి, సగం రీలు చేజేతులా పాడుచేసుకున్నా. ఫిల్ము చుట్టే స్పైరల్ చట్రాన్ని కడిగి సరిగా ఆరనివ్వలేదు. చీకట్లో ఎక్కిస్తుంటే తడి తగిలి ఫిల్ము మధ్యలో పట్టేసింది. బలవంతంగా తోశాను. రెండు చుట్లు ఒకదానికొకటి అంటుకుని, మందు అందని చోట అర్ధచంద్రాకారం మచ్చలు. ఇప్పుడు స్పైరల్‌ని ముందురోజు రాత్రే ఫ్యాను కింద పెడుతున్నా.

నాలుగోదే మొన్నటిది, అదీ క్యాడో లేక్‌దే. పద్ధతి ఇది: ముందురోజు రీలుని ఫ్రీజర్లోంచి తీసి, డబ్బీ మూత తీయకుండా బయట పెట్టాలి. చల్లగా ఉండగా తెరిస్తే ఫిల్ముకి చెమట పడుతుంది. కడిగేటప్పుడు 38 డిగ్రీల నీళ్లతో నిమిషం నానబెట్టి, ఫస్ట్ డెవలపర్ ఆరున్నర నిమిషాలు. కిట్‌లో చెప్పింది ఆరుంబావు, మందు ఒకసారి వాడింది కాబట్టి పావు నిమిషం కలిపాను. అదే వేడి నీళ్లతో ఆరేడుసార్లు కడిగి, కలర్ డెవలపర్ ఆరు నిమిషాలు, మళ్లీ కడుగు, ఫిల్ములోంచి వెండిని తీసేసే బ్లిక్స్ పది నిమిషాలు. బ్లిక్స్ పోశాక ట్యాంకు మూత కాస్త వదులుచేసి గాలి వదలాలి, లేకపోతే చిమ్ముతుంది. టైల్స్ మీద మరక ఇంకా ఉంది. వాడేసిన బ్లిక్స్‌లో వెండి ఉంటుంది, సింకులో పోయకుండా డబ్బాలో పట్టి కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇస్తున్నా.

స్పైరల్ విప్పితే ఫిల్ము పాలనీళ్లలా మసకగా ఉంది. గుండె జారింది. కానీ తడిలో అలాగే ఉంటుందని రెండో రీలు నేర్పింది. గంట తర్వాత వెళ్లి బాత్రూం లైటుకి అడ్డం పెట్టి చూశాను. పద్నాలుగో ఫ్రేములో నీళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి. చెట్టు మొదళ్ల దగ్గర సన్నటి ఎర్రటి గీత, అది ఆ రోజు నా కంటికి కనబడనేలేదు. ఒక్క చోటు వెలుగునే కొలిచే స్పాట్ మీటరుతో ఆకాశంలో వెలుగు ఎక్కువున్న చోట కొలిచి, దాన్ని ఒకటిన్నర స్టాపు పైన పెట్టాను. పైసగానికి వెలుగు తగ్గించే రెండు స్టాపుల గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు. ఆ ఫ్రేమే నాలుగు రీళ్లలోనూ మొదటిసారి అనుకున్నట్టు వచ్చింది.

ఆదివారం గరాజ్ సేల్లో కొన్న పాత కొడాక్ కారౌసెల్ స్లైడ్ ప్రొజెక్టరు దించాం. కొడాక్ ఆ ప్రొజెక్టర్ల తయారీ 2004లో ఆపేసింది, దీపం మాత్రం ఇంకా దొరుకుతోంది. స్లైడ్‌ని తలకిందులుగా, ఎమల్షన్ (బొమ్మ ఉన్న పొర) వైపు తెరకేసి పెట్టాలి. నేను మొదటి మూడూ తిరగేసి పెట్టాను. తెర లేక దుప్పటి కట్టాం. క్యాడో లేక్ పడగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏరా, ఈ చెరువు మన పెదరావూరు చెరువులా ఉందిరా" అంది. పోలికే లేదు. నేనేం అనలేదు. ఫ్యాను చప్పుడు, వేడెక్కిన దుమ్ము వాసన. రంగు వెలిసిపోతుందని ఒక్కో స్లైడు నిమిషం మించి ఉంచను, అది మాత్రం మూడు నిమిషాలు ఉంచాను.

మిగతా ఏడూ నవంబరు దాకా ముట్టుకోదలచుకోలేదు. పోయిన నెల అమ్మ మునక్కాయ ముక్కలకి చోటు కోసం ఆ డబ్బా తీసి గట్టు మీద పెట్టి మర్చిపోయింది, పూటంతా బయటే ఉంది. ఇవాళ ఫ్రీజర్ తెరిచి చూస్తే మళ్లీ పై అరలో, కొబ్బరి తురుము పక్కన ఉంది. మీద స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "అబ్బాయి రీళ్లు. తీయొద్దు."