ఒకే భాగస్వామ్యం, రెండు కథలు: నా పీహెచ్‌డీ అనుభవం

చిన్న స్టార్టప్‌లు, యూనివర్సిటీ ల్యాబులు చేతులు కలిపినప్పుడు లోపల అసలు ఏం జరుగుతుంది? నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. థీసిస్ ఇచ్చేశాను, వైవా అయిపోయింది. ఈ మధ్య ఇదే రంగంలోకి వద్దామనుకుంటున్న వాళ్లు ఏం చదవాలి, డేటా ఎక్కడ దొరుకుతుంది, కంపెనీల వాళ్లు మాట్లాడతారా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు నేను నడిచిన దారంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు చదువు సంగతి. ఆంట్రప్రెన్యూర్‌షిప్ మీద రాసేవాళ్లు ఆర్థికవేత్త షుంపీటర్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఉన్న వనరులనే కొత్తగా కలిపి కొత్త వస్తువు, కొత్త పద్ధతి తెచ్చేవాడే వ్యవస్థాపకుడని ఆయన 1911లోనే రాశారు. 1942 వచ్చేసరికి ఆయన చూపు పెద్ద కంపెనీల్లోని పరిశోధన విభాగాల మీదికి మళ్లింది. ఒక్కడి చొరవా, పెద్ద సంస్థ బలమా అన్న ఆ చర్చలో, వేర్వేరు సంస్థలు కలిసి పనిచేయడానికి పెద్దగా చోటు దొరకలేదని నాకనిపిస్తుంది. ఆ దారి తర్వాతి వాళ్లు వేశారు. బయటి జ్ఞానాన్ని పట్టుకోవాలంటే కంపెనీ లోపల కూడా కొంత జ్ఞానం ముందే ఉండాలని 1990లో కోహెన్, లెవింథాల్ చెప్పారు. 2003లో చెస్‌బ్రో, కంపెనీ బయటి ఆలోచనలను కూడా వాడుకోవాలనే 'ఓపెన్ ఇన్నోవేషన్' అన్న మాటను అందరి నోటికీ తెచ్చారు.

నన్ను నిజంగా పట్టి కూర్చోబెట్టింది మాత్రం 2006లో లార్సెన్, సాల్టర్ రాసిన పేపర్. బ్రిటన్‌లో 2,707 తయారీ కంపెనీల సర్వే డేటా తీసుకుని, బయటి వనరుల వైపు చూసే కొద్దీ ఆవిష్కరణలు పెరుగుతాయి కానీ ఒక హద్దు దాటాక తగ్గడం మొదలవుతుందని వాళ్లు చూపించారు. ఎందుకు తగ్గుతుంది? మనుషులు దృష్టి పెట్టగలిగేదానికి ఒక పరిమితి ఉంటుంది, ప్రతి సంబంధాన్నీ నిలబెట్టడానికి ఖర్చు ఉంటుంది. ఆ గ్రాఫు దిగువకు వంగే చోట మనుషులు ఏం చేస్తుంటారో చూడాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. లిటరేచర్ రివ్యూ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వందల పేపర్ల సారాంశాలు పోగేయడం కంటే, మిమ్మల్ని వదలని పేపర్ ఒకటి దొరికే దాకా చదవండి. దొరికాక దాని టేబుళ్లు, ఫుట్‌నోట్లతో సహా అరగదీయండి.

తర్వాత డేటా. ఇక్కడ నాకు చాలా కాలం పట్టింది. ఆవిష్కరణల సర్వేలకు ఓఈసీడీ (దేశాల ఆర్థిక సహకార సంస్థ), యూరోస్టాట్ (యూరోపియన్ యూనియన్ గణాంకాల సంస్థ) కలిసి తెచ్చే ఓస్లో మాన్యువల్ అనే మార్గదర్శక పుస్తకం ఆధారం. మొదటి ఎడిషన్ 1992లో వచ్చింది, నాలుగోది 2018లో. మూడో ఎడిషన్‌లో ఆవిష్కరణలు నాలుగు రకాలు: ఉత్పత్తి, ప్రక్రియ, మార్కెటింగ్, సంస్థాగతం. నాలుగో దానిలో వాటిని రెండుకు కుదించారు. కాబట్టి పాత సర్వేనూ కొత్త సర్వేనూ పక్కపక్కన పెట్టి 'ఇంత పెరిగింది' అనేయడం కుదరదు. ముందు ఏ ప్రశ్న దేనికి సమానమో తేల్చుకోవాలి. ఇంకో సంగతి, డబ్బిచ్చి బయట పని చేయించుకోవడాన్ని ఆ మాన్యువల్ సహకారం కింద లెక్కించదు. ఇరుపక్షాలూ పనిలో చురుగ్గా పాల్గొనాలి. సర్వే నింపే మేనేజర్‌కు ఈ తేడా పట్టకపోవచ్చు. టిక్కు మాత్రం పడిపోతుంది.

పేటెంట్లు ఇంతకంటే నమ్మకమైనవని చాలామంది అనుకుంటారు. నేను కొన్ని కంపెనీల పేటెంట్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. దరఖాస్తుదారుల గడిలో కంపెనీ పేరొక్కటే ఉంటుంది. ఆవిష్కర్తల గడిలోకి వెళ్తే ప్రొఫెసర్ పేరు, ఆయన విద్యార్థి పేరు కనిపిస్తాయి. ఇద్దరు యజమానులుంటే తర్వాత లైసెన్స్ ఇవ్వడం చిక్కవుతుందని లాయర్లు హక్కులన్నీ ఒకే పేరు మీద పెట్టించడం మామూలే. దరఖాస్తుదారుల గడిని మాత్రమే లెక్కపెడితే యూనివర్సిటీ అసలు సీన్‌లోనే ఉండదు. పైగా ఒకే మనిషి పేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట అక్షరాలతో మాత్రమే ఉంటుంది. పేర్లు సరిచూసే ప్రోగ్రాం కొంత పని చేసింది, మిగతాది కూర్చుని చేత్తోనే సరిచూడాలి. విసుగు పుట్టించే పనే అయినా, ఎవరు ఎవరితో పనిచేశారో నాకు మనసులో పటం కట్టింది అప్పుడే.

అంకెలు అక్కడితో ఆగిపోయాయి. ఇంటర్వ్యూలకు దిగక తప్పలేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, సమ్మతి పత్రాలు, కొన్ని కంపెనీలతో ఎన్‌డీఏలు (విషయాలు బయటికి చెప్పకూడదన్న ఒప్పందాలు), ఇవన్నీ ఎవరికైనా తప్పవు, వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాట: ఎన్‌డీఏ మీద సంతకం పెట్టేముందు, పేర్లు తీసేసి అయినా ప్రచురించుకునే హక్కు మనకు ఉంటుందన్న వాక్యం అందులో ఉండేలా చూసుకోండి.

మా గైడ్ మేడమ్ ఒక షరతు పెట్టారు. "ఒక భాగస్వామ్యాన్ని తీసుకుంటే రెండు వైపుల వాళ్లతోనూ మాట్లాడు. విడివిడిగా మాట్లాడు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లకు చెప్పకు." నా థీసిస్‌లో పనికొచ్చిందేదైనా ఉంటే అది ఆ షరతు వల్లే వచ్చింది.

ఒక కేసు చెబుతాను. ఫౌండర్‌ను అడిగాను, "మీ ఇద్దరి పని ఎప్పుడు మొదలైంది?" ఆయన ఫోన్ తీసి, ఒప్పందం మీద సంతకాలైన తేదీ చూసి చెప్పారు. ప్రొఫెసర్‌ను అదే ప్రశ్న అడిగితే నవ్వారు. "ఆ అబ్బాయి మా ల్యాబులో మైక్రోస్కోప్ వాడుకుంటానని వచ్చినప్పుడే మొదలైంది. అప్పటికి కంపెనీయే లేదు." ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకూ ఇలాగే రెండు జవాబులొచ్చాయి. ప్రొటోటైప్ చేతికొచ్చిన రోజున పని అయిపోయిందని ఫౌండర్ లెక్క. ప్రొఫెసర్‌కు మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది, ఎందుకంటే ఆ పని మీద ఒక విద్యార్థిని థీసిస్ రాస్తోంది.

ఆ విద్యార్థినితో మాట్లాడాక అసలు విషయం బయటపడింది. ఆమె ఒక సదస్సులో పోస్టర్ పెట్టాలనుకుంది. పేటెంట్ దరఖాస్తు పడేదాకా ఆగమని కంపెనీ కోరింది. వాళ్ల భయం న్యాయమైనదే. యూరప్ పేటెంట్ చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే విషయం బయటపెడితే కొత్తదనం పోయినట్టే, మినహాయింపులు చాలా తక్కువ. అమెరికాలోనైతే ఆవిష్కర్త తానే బయటపెట్టినదానికి ఏడాది గడువుంటుంది. కానీ దరఖాస్తు వాయిదా పడే కొద్దీ ఆమె పేపర్, ఆ వెనకే ఆమె డిగ్రీ వాయిదా పడుతూ వచ్చాయి. ఒప్పందంలో కంపెనీకీ యూనివర్సిటీకీ ఎవరికెంత హక్కో పేజీల కొద్దీ ఉంది. విద్యార్థిని ఎన్నాళ్లు ఆగాలో ఒక్క లైనూ లేదు.

తర్వాతి కేసుల్లోనూ ఇదే కనబడసాగింది. డబ్బు దగ్గర, హక్కుల దగ్గర గొడవలొస్తాయని అందరికీ తెలుసు, వాటికి లాయర్లున్నారు. కాలం దగ్గర వచ్చే గొడవను ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. స్టార్టప్‌కు చేతిలో డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందన్నదే క్యాలెండర్. ల్యాబుకు సెమిస్టర్లు, గ్రాంట్ గడువులు, విద్యార్థుల డిగ్రీలు క్యాలెండర్. నేను చూసిన వాటిలో బాగా నడిచిన జంటలు ఎవరెవరు ఎప్పటిదాకా ఆగగలరో ముందే నోరు విప్పి మాట్లాడుకున్నవే.

ఇది పేపర్‌గా రాసి జర్నల్‌కు పంపితే, మొదటిచోట రివ్యూకు కూడా వెళ్లకుండా తిరిగొచ్చింది. రెండోచోట రివ్యూయర్ల వ్యాఖ్యలు చదివి కొన్నాళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. బలమైన కంపెనీలే భాగస్వాములను వెతుక్కుంటాయి కదా, అలాంటప్పుడు ఫలితం సహకారం వల్ల వచ్చిందని ఎలా అంటారు అని ఒకరు. ఈ రంగంలో ఈ ప్రశ్న తప్పించుకోలేం. 1979లో ఆర్థికవేత్త హెక్‌మన్ చూపిన ఎంపిక సవరణ (ఎవరు ఎంపికయ్యారన్న దానివల్ల వచ్చే తేడాను లెక్కలో సరిచేయడం) లాంటి పద్ధతులున్నాయి కానీ, అవి నమ్మదగ్గవిగా పనిచేయాలంటే భాగస్వామిని వెతుక్కోవడాన్ని ప్రభావితం చేసి, ఫలితాన్ని నేరుగా తాకని అంశం ఒకటి కావాలి. అలాంటిది నా డేటాలో లేదు. మేడమ్‌తో మాట్లాడి, సహకారం ఫలితాలను పెంచుతుందన్న వాదన తీసేసి, సహకారం ఎక్కడ ఆగిపోతుందో వివరించే పేపర్‌గా దాన్ని మార్చాను. పేపర్ చిన్నదయింది, గట్టిపడింది.

రెండో రివ్యూయర్ మాట ఇంకా లోతుకు పోయింది: "మీతో మాట్లాడినవాళ్లంతా బతికి బయటపడ్డవాళ్లే." నిజమే. కలిసి మొదలుపెట్టి మధ్యలో విడిపోయినవాళ్లు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండరు, పేటెంట్‌లో ఉండరు. ల్యాబుల పాత వార్షిక నివేదికల్లో ఒప్పందాలు వెతికి, తర్వాత ఏ ఉత్పత్తీ కనబడని వాటిని ఏరి, ఆ మనుషులకు రాశాను. అనుకున్నదానికంటే ఎక్కువ మంది ఒప్పుకున్నారు. దాచుకోవాల్సింది మిగలలేదేమో, మనసు విప్పి మాట్లాడారు. వాటిలో కొన్నిచోట్ల ఒప్పందం చచ్చిపోయినా మనిషి కదిలాడు. ల్యాబు విద్యార్థి కంపెనీలో చేరాడు, మూతపడ్డ కంపెనీ ఇంజనీర్ మరో స్టార్టప్‌కు వెళ్లి అదే పద్ధతిని వేరే పనికి వాడాడు. సర్వే ఫారంలో అవన్నీ 'ఫలితం లేదు' కిందే ఉంటాయి.

వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది వీటి గురించే. అలా కదిలిన మనుషులను ఎన్నేళ్లు వెంటాడితే వాళ్ల ఫలితం కనబడుతుందని అడిగారు. కనీసం రెండు ఉద్యోగాలు మారేదాకా చూడాలని చెప్పాను. ఇప్పుడు ఆ పాత ఒప్పందాల్లోని పేర్లతో కొత్త జాబితా కట్టి, ఎవరు ఎక్కడున్నారో ఒక్కొక్కరినీ వెతుకుతున్నాను.