ఫ్లూ టీకా వానలు పడకముందే వేయించుకోండి

అక్టోబరు వచ్చిందంటే చాలు, అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు ఫోన్ చేసి "ఫ్లూ షాట్ వేయించుకున్నారా" అని అడుగుతారు. ప్రేమతో అడిగేదే, కానీ ఆ నెల అక్కడి చలికాలానికి కుదురుతుంది, హైదరాబాద్‌కు కాదు. మన దగ్గర ఫ్లూ వానలతో పాటే వస్తుంది, జులై నుంచి సెప్టెంబరు దాకా గట్టిగా తిరుగుతుంది, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకో విడత ఉంటుంది. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మే నెలలోనో, జూన్ మొదట్లో బడులు తెరిచేలోపో వేయించుకుంటే మంచిది. ఆలస్యమైందని మానేయకండి, చలికాలం విడతకైనా పనికొస్తుంది.

"పోయినేడు వేయించుకున్నాం కదా" అంటారు చాలామంది. ఈ వైరస్ ఊరుకోదు, ఏటా కొంచెం కొంచెం మారిపోతూ ఉంటుంది, పైగా టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ వైరస్ రకాలు ఉండాలో చెబుతుంది. వేయించుకునేటప్పుడు అది ఏ సంవత్సరం టీకానో, గడువు ఎప్పటిదాకా ఉందో అడిగి చూసుకోండి, మొహమాటం అక్కర్లేదు.

స్వైన్ ఫ్లూ పేరు చెబితే ఇప్పటికీ జనం భయపడి దాచిపెడుతున్నారు. దేశంలో మొదటి కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, 2009 మేలో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి. ఆ స్వైన్ ఫ్లూ వైరస్, హెచ్1ఎన్1, ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటైపోయింది, దానికి రక్షణ ఈ టీకాలోనే ఉంది. దాచాల్సిన జబ్బు కానే కాదు.

టీకా వేయించుకుంటే ఫ్లూ అసలు రాదా? రావచ్చు. టీకాలోని రకాలు బయట తిరుగుతున్న వైరస్‌తో బాగా సరిపోయిన ఏడాదిలో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లేంత జబ్బు పడే ముప్పు 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది, అంతే. కానీ షుగర్, ఆస్తమా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, 65 దాటినవాళ్లకు అసలు భయం జ్వరం గురించి కాదు, న్యుమోనియా దిగి ఐసీయూ దాకా వెళ్లడం గురించి. మా పెద్దమ్మకు ఆస్తమా, అందుకే ఆవిడ టీకా సంగతి ఇంట్లో ఎవరూ మర్చిపోకుండా చూస్తాను. గర్భిణులు తప్పకుండా వేయించుకోవాలి, ఎందుకంటే ఆరు నెలల లోపు బిడ్డకు ఈ టీకా వేయరు, తల్లి నుంచి అందే రక్షణే ఆ బిడ్డకు దిక్కు. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడతాయి.

నాకు బాగా బాధ కలిగించేది మెడికల్ షాపులో "జ్వరం, ఒళ్లు నొప్పులు" అని చెప్పి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొనుక్కోవడం. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు డాక్టరు ఇచ్చే ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, అది మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఇంకో చిక్కు, అవే నెలల్లో డెంగీ కూడా ఉంటుంది, కాబట్టి పరీక్షలో డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ టీకా ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే జాబితాలో లేదు, ప్రైవేటులో డబ్బు పెట్టాల్సిందే, అది చాలా ఇళ్లకు భారమే. ఇంట్లో అందరికీ కుదరకపోతే ముందు పెద్దవాళ్లకు, జబ్బులున్నవాళ్లకు, చిన్నపిల్లలకు వేయించండి. మనకు మామూలుగా వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు, చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు నలత ఉండొచ్చు. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి.